మైనం పేరు కాదు, మంట తీరు చూడండి

కొవ్వొత్తి అన్న మాటలోనే దాని పాత కథంతా ఉంది. కొవ్వు, వత్తి. పశువుల కొవ్వు కరిగించి, నూలు వత్తి చుట్టూ పోసి గట్టిపరిచిన రోజుల నుంచి వచ్చిన మాట అది. ఆ దీపం ఆర్పగానే ముక్కుపుటాలు మండేంత ఘాటు వాసన వచ్చేది. కొవ్వులో గ్లిసరాల్ ఉంటుంది, అది అరకొరగా కాలితే ఆక్రోలిన్ అనే వాయువు పుడుతుంది. పొయ్యి మీద నూనె మాడినప్పుడు కళ్లు మండించే పొగలో ఉండేదీ అదే. ఫ్రాన్సులో షెవ్రేల్, గే-లుస్సాక్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు కొవ్వులోంచి గ్లిసరాల్‌ను తీసేసి, మిగిలిన ఆమ్లాలతో కొవ్వొత్తి చేసే పద్ధతికి 1825లో పేటెంటు తీసుకున్నారు. స్టియరిన్ అలా వచ్చింది. 1850 తర్వాత పారఫిన్ వచ్చింది. తెల్లగా, చవకగా, సొంత వాసన లేకుండా ఉండటంతో ప్రపంచమంతా పరుచుకుంది. 1990లలో సోయా మైనం వచ్చింది. ఇప్పుడు సువాసన కొవ్వొత్తి కొనబోతే మొదట వినిపించే మాట, ‘పారఫిన్ విషం, సోయా స్వచ్ఛం’.

ఈ మాటతో నాకు పేచీ ఉంది. అబద్ధం అని కాదు, తప్పు చోట వేలు పెట్టి చూపిస్తోందని. సువాసన కొవ్వొత్తి వల్ల ఇంట్లో జరిగే హాని ఏమిటో వరుసలో పెడితే మొదట నిలిచేది నిప్పు ప్రమాదం. తర్వాత సరిపడని వత్తి వల్ల వచ్చే మసి. ఆ తర్వాత సువాసన నూనె, గది గాలి. మైనం రకం వీటన్నిటి వెనక ఎక్కడో ఉంటుంది. కొనేవాళ్లు మాత్రం మొట్టమొదట మైనం పేరే చదివి, అది నచ్చితే మిగతావి చూడకుండానే డబ్బు చెల్లిస్తారు.

ఎందుకిలా అంటున్నానో అర్థం కావాలంటే మంటలో జరిగేది ఒకసారి చూడాలి. మైనం గడ్డగా ఉన్నప్పుడు కాలదు, కరిగి ద్రవమైనా కాలదు. ద్రవం వత్తి పోగుల సందుల గుండా పైకి పాకి, వేడికి ఆవిరై, ఆ ఆవిరి గాలితో కలిసినప్పుడే కాలుతుంది. ఆవిరి మంట లోపల చిన్న చిన్న ముక్కలుగా విరిగి కర్బన రేణువులవుతుంది. ఆ రేణువులు వేడికి ఎర్రగా కాగి వెలగడమే మనకు కనిపించే పసుపు కాంతి. అంటే కొవ్వొత్తి వెలుగు మొత్తం మసి పెట్టిన భిక్షే. మంట కదలకుండా ఉంటే ఆ మసి అంచుకు చేరేలోపు ప్రాణవాయువు అంది కాలిపోతుంది. గాలి తాకి మంట ఊగినా, వత్తి పొడవై ఆవిరి అతిగా వచ్చినా, కాలడానికి వ్యవధి చాలక మసి బయటపడుతుంది. పారఫిన్‌కు ఎలాగో సోయాకూ అలాగే, తేనెమైనానికీ అలాగే. ‘మసి రాని మైనం’ అని ఎవరైనా రాస్తే, మంట ఎలా వెలుగుతుందో వాళ్లకు తెలియదనుకోవాలి, లేదా తెలిసీ రాస్తున్నారనుకోవాలి.

ఇక పారఫిన్ మీద ఉన్న అభియోగం. అది ముడిచమురు శుద్ధిలోంచి వచ్చే మాట నిజమే. కానీ ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాక, అందులో ఏముందన్నది చూడాలి. పూర్తిగా శుద్ధి చేసిన పారఫిన్‌లో ఉండేది దాదాపుగా పొడవాటి హైడ్రోకార్బన్ గొలుసులే, ఒక్కొక్క గొలుసులో ఇరవై నుంచి నలభై దాకా కర్బన పరమాణువులు. చమురు శాతం అర శాతం లోపు ఉంటేనే దాన్ని పూర్తిగా శుద్ధి చేసినదంటారు. చమురు ఎక్కువగా మిగిలిన నాసిరకం మైనం మెత్తగా, జిడ్డుగా ఉంటుంది, మండేటప్పుడు పొగ ఎక్కువ. కాబట్టి పారఫిన్‌లో మంచిదీ ఉంది, చెడ్డదీ ఉంది. రెండిటినీ ఒకే పేరు కింద తిట్టడం వల్ల మంచిదాన్ని వెతుక్కునే ఓపిక కూడా పోతోంది.

2009లో అమెరికాలోని సౌత్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పారఫిన్ కొవ్వొత్తుల నుంచి టొల్యూన్ (పెయింటు థిన్నర్లలో ఉండే రసాయనం) వంటి పదార్థాలు వెలువడ్డాయనీ, సోయా వాటి నుంచి రాలేదనీ చెప్పారు. అమెరికన్ కెమికల్ సొసైటీ సదస్సులో సమర్పించిన ఫలితం అది. ‘పారఫిన్ విషం’ అనే ప్రచారంలో ఎక్కువ భాగం అక్కడి నుంచే ఊపందుకుంది. దానికి రెండేళ్ల ముందు, 2007లో, జర్మనీలో పారఫిన్, సోయా, స్టియరిన్, పామ్, తేనెమైనం ఐదింటినీ పక్కపక్కన కాల్చి 300కు పైగా రసాయనాల కోసం వెతికారు. మైనాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, కనబడినవి కూడా గది గాలికి పెట్టిన హద్దులకు చాలా దిగువన ఉన్నాయి. ఈ రెండో పరీక్షకు డబ్బు పెట్టింది కొవ్వొత్తుల పరిశ్రమే, అది గుర్తు పెట్టుకునే చదవాలి. అయినా నేను రెండోదాని వైపే మొగ్గుతాను. ఒక పదార్థం ‘వెలువడింది’ అనడానికీ, పీల్చేవాళ్లకు హాని చేసేంత మోతాదులో వెలువడింది అనడానికీ చాలా దూరం ఉంది. మొదటి వార్త ఆ దూరాన్ని దాటకుండానే ఊరంతా తిరిగింది.

సోయా మైనం అంటే సోయా నూనెకు హైడ్రోజన్ పట్టించి గడ్డ కట్టించినది. రకాన్ని బట్టి సుమారు 45 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది కాబట్టి గాజు గ్లాసులో పోయడానికి అనువు, నిలువు కొవ్వొత్తికి పనికిరాదు. నెమ్మదిగా కాలుతుంది. గాజుకు అంటిన మైనం వేడి సబ్బునీళ్లతో సులువుగా వదులుతుంది. అంతమాత్రాన నీళ్లలో కరుగుతుందని చెప్పడం తప్పు, సింకులో పోస్తే గొట్టంలో చల్లబడి గడ్డకడుతుంది. ఒక విచిత్రం ఏమిటంటే, షెవ్రేల్ అంత శ్రమపడి తీసేసిన గ్లిసరాల్ సోయా మైనంలో అలాగే ఉంటుంది, ఎందుకంటే అది ట్రైగ్లిజరైడే, అంటే గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అంటుకుని ఉన్న పదార్థమే. సరిగ్గా మండితే దాని వల్ల ఇబ్బంది లేదు. ఊది ఆర్పి, వత్తిని పొగలు కక్కనిస్తే మాత్రం పాత కొవ్వు దీపం ఘాటు కొంచెం గుర్తుకొస్తుంది. పైన తెల్లటి పూతలా పొడ కట్టడం, గాజుకు అక్కడక్కడ మైనం వదిలినట్టు మచ్చలు కనబడటం సోయాలో మామూలే. అవి చూపుకు లోపాలే తప్ప మంటకు కావు.

అసలు చిక్కు ‘సోయా కొవ్వొత్తి’ అన్న పేరులో ఉంది. అందులో సోయా ఎంత? ‘సోయా మిశ్రమం’ అని రాసి ఉంటే సగానికి పైగా పారఫిన్ ఉన్నా ఆశ్చర్యపోనక్కరలేదు. శాతం రాసినవాళ్లను నమ్మవచ్చు, రాయనివాళ్లను అడగాలి. మిశ్రమం కావడం తప్పేమీ కాదు. కొంచెం పారఫిన్ కలిపితే సువాసన బాగా వ్యాపిస్తుంది, పైభాగం నునుపుగా వస్తుంది. కలిపి కూడా కలపలేదన్నట్టు అమ్మడమే తప్పు.

కొబ్బరి మైనం సంగతీ అంతే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అంటే ఉత్త కొబ్బరినూనెతో గడ్డగా నిలిచే కొవ్వొత్తి అసాధ్యం. ‘కొబ్బరి’ అని రాసిన ప్రతి కొవ్వొత్తిలోనూ హైడ్రోజన్ పట్టించిన నూనో, మరో గట్టి మైనమో కలిసే ఉంటుంది. పామ్ మైనం గట్టిది, పైన స్ఫటికాల అందం ఉంటుంది, దాని అభ్యంతరం అడవుల నరికివేత గురించి, గది గాలి గురించి కాదు. జెల్ కొవ్వొత్తులు, పారదర్శకంగా లోపల గవ్వలు పెట్టి అమ్మేవి, నిజానికి మైనమే కాదు. మినరల్ ఆయిల్‌కు పాలిమర్ కలిపి చిక్కబరిచినవి. మంట వేడి ఎక్కువ, కలిపే సువాసన నూనె దానికి తగినదై ఉండాలి, లేకపోతే నూనె విడిపోయి అంటుకుంటుంది. తయారీ వివరాలేవీ రాయని జెల్ కొవ్వొత్తిని నేను కొనమని చెప్పను.

తేనెమైనం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాని చుట్టూ భక్తి ఎక్కువ. 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గట్టిగా ఉంటుంది, సొంతంగా తేనె వాసన ఉంటుంది, నెమ్మదిగా కాలుతుంది. సువాసన వద్దు, వెలుగు చాలు అనుకునేవారికి ఇంతకంటే మంచిది లేదు. కానీ అది ‘రుణ అయాన్లు వదిలి గాలిని శుభ్రం చేస్తుంది’ అన్న మాటకు ఆధారం లేదు. మండే వస్తువు ఏదైనా గాలిలోకి కొంత కలుపుతుంది, తీసేయదు. పైగా తేనెమైనం చిక్కగా ఉంటుంది కాబట్టి దానికి లావు వత్తి కావాలి. సన్నని వత్తి పెడితే చుట్టూ మైనం కరగక నడుమ బావిలా దిగిపోతుంది. ఘాటైన సెంటు కలిపిన తేనెమైనం కొవ్వొత్తి కొనడం డబ్బు దండగ, దాని సహజమైన వాసన సెంటు కింద అణిగిపోతుంది.

ఇక వత్తి. నన్నడిగితే కొవ్వొత్తి మంచిచెడ్డలు తేల్చేది ఇదే. వత్తి సన్నమైతే మంట చిన్నదై, కరిగిన మైనం అంచుల దాకా వెళ్లదు, చివరికి వత్తి ఆ మడుగులోనే మునిగి ఆరిపోతుంది. లావైతే అవసరానికి మించి మైనాన్ని పైకి లాగుతుంది, మంట పొడవై ఊగుతుంది, మసి వస్తుంది, గాజు కాలిపోయేంత వేడెక్కుతుంది. వత్తి కొసన పుట్టగొడుగులా నల్లటి ముద్ద కడుతోందంటే లాగుతున్నంత మైనాన్ని మంట కాల్చలేకపోతోందని అర్థం. అందుకే ఒక తయారీదారు మైనం మారిస్తే వత్తి మార్చాలి, సువాసన మారిస్తే వత్తి మార్చాలి, గ్లాసు వెడల్పు మారిస్తే మళ్లీ మార్చాలి. ఒకే గ్లాసు, ఒకే మైనం, ఒకే వత్తి పెట్టి ఇరవై సువాసనల్లో అమ్ముతున్నారంటే, వాటిలో కొన్నయినా సరిగ్గా మండవు. చిక్కని సువాసన నూనె వత్తి పోగుల సందులు మూసేస్తుంది, పలచని నూనె మంటను ఎగదోస్తుంది.

సీసం వత్తుల భయం ఇంకా చాలామందిలో ఉంది. అది ఊహ కాదు. నూలు వత్తి నిటారుగా నిలవడానికి నడుమ సన్నని లోహపు తీగ పెట్టేవారు, కొన్నిటిలో అది సీసం. మండినకొద్దీ సీసం గాలిలోకి వచ్చేది, పిల్లలకు అది నేరుగా విషం. అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం 2003లో వీటిని నిషేధించింది. తీగ బరువులో సీసం 0.06 శాతం దాటకూడదన్నది హద్దు. ఇప్పుడు లోహపు తీగ ఉన్న వత్తుల్లో ఎక్కువగా జింకు వాడతారు. ఎక్కడ తయారైందో తెలియని పాత కొవ్వొత్తి ఉంటే, వెలిగించని వత్తి కొసన పోగులు విడదీసి చూడండి. లోపల తీగ కనబడితే దాన్ని తెల్లకాగితం మీద గీయండి. పెన్సిల్ గీసినట్టు బూడిదరంగు గీత పడితే సీసం అనుకుని పారేయండి. గీత పడకపోతే జింకో, తగరమో అయి ఉంటుంది. అనుమానమే వద్దనుకుంటే నూలు, కాగితపు వత్తులున్నవి ఎంచుకోవచ్చు. చెక్క వత్తి చిటపటలాడుతూ బాగుంటుంది కానీ ఆరిపోవడం దానికి అలవాటు, ప్రతిసారీ కాలిన అంచును దులిపి, 3 నుంచి 5 మిల్లీమీటర్లకు కత్తిరిస్తేనే నిలుస్తుంది.

సువాసన దగ్గరకు వద్దాం. మామూలుగా మైనం బరువులో 6 నుంచి 10 శాతం సువాసన నూనె కలుపుతారు. దీన్ని అంకెల్లో చూడండి. 200 గ్రాముల కొవ్వొత్తిలో సుమారు 15 గ్రాముల సువాసన నూనె ఉందనుకుందాం. ఒక వత్తి గంటకు ఇంచుమించు 6 గ్రాముల మైనం కాలుస్తుంది. అంటే గంటకు అర గ్రాముకు దగ్గరగా సువాసన నూనె, కొంత మంటలో కాలి, కొంత కరిగిన మైనం మీద నుంచి ఆవిరై గదిలోకి వస్తుంది. ఆ నూనె ఏమిటో డబ్బా మీద ‘సువాసన’ అన్న ఒక్క మాటలో ముగిసిపోతుంది. మైనం గురించి పేరాలు రాసే కంపెనీ, నూనె గురించి ఒక్క ముక్క రాయదు. నా అసలు ఫిర్యాదు ఇక్కడే.

ఎసెన్షియల్ ఆయిల్స్ వాడామంటే క్షేమం అనుకోకండి. నారింజ తొక్క నూనెలో లిమొనీన్, లావెండర్‌లో లినలూల్ ఉంటాయి. లిమొనీన్ గాలిలోని ఓజోన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు పుడుతుంది. అది చెట్టు నుంచి వచ్చిందా, కర్మాగారం నుంచి వచ్చిందా అని ఓజోన్ అడగదు. ఎసెన్షియల్ ఆయిల్స్‌కు వేడి అంతగా పడదు కూడా, నిమ్మజాతి నూనెలు త్వరగా ఎగిరిపోతాయి, మూత తీసినప్పుడు గుప్పుమని, వెలిగించాక ఏమీ లేనట్టుంటాయి. అలా అని కృత్రిమ సువాసనలన్నీ మంచివనీ కాదు. నూనెను పలచబరచడానికి థాలేట్లు అనే రసాయనాలు వాడే అలవాటు ఉంది, ‘థాలేట్లు లేవు’ అని స్పష్టంగా రాసినవి తీసుకోవడం తెలివైన పని. యూరప్‌లో అమ్మే కొవ్వొత్తుల అడుగున అలర్జీ కలిగించగల పదార్థాల పేర్లు విడివిడిగా రాస్తారు. ఆ జాబితా చూసి భయపడేవాళ్లున్నారు. నాకైతే ఆ జాబితా ఉన్న కొవ్వొత్తి మీదే నమ్మకం ఎక్కువ, ఏమీ రాయనిదాంట్లో ఏమీ లేదని కాదుగా.

ఉబ్బసం, పార్శ్వనొప్పి ఉన్నవారింట్లో సువాసన లేని కొవ్వొత్తే సరైనది, ఇందులో బేరాలు లేవు. పిల్లులున్న ఇంట్లోనూ జాగ్రత్త. కొన్ని సుగంధ పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, టీ ట్రీ నూనె వంటివి వాటికి విషం. పక్షుల ఊపిరితిత్తులు ఇంకా సున్నితం, పంజరం ఉన్న గదిలో వెలిగించకూడదు.

సువాసన నూనె వేడెక్కి అంటుకుంటుందేమోనన్న భయం కూడా ఒకటి ఉంది. ఫ్లాష్ పాయింట్ అంటే, నూనె మీద చేరిన ఆవిరి నిప్పు చూపితే అంటుకునే కనీస వేడి. లిమొనీన్‌కు అది 50 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఆ అంకె ఉత్త నూనెకు సంబంధించినది. మైనంలో ఎనిమిది శాతంగా కలిసిపోయాక లెక్క వేరు. ప్రమాదం వచ్చేది మైనం పట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ నూనె పోసినప్పుడు. అప్పుడు మిగిలిన నూనె పైకి చెమటలా చిమ్ముతుంది. కొత్త కొవ్వొత్తి పైన నూనె బొట్లు కనబడితే వెలిగించవద్దు. కాగితంతో అద్దినా, లోపల మిగిలినది మళ్లీ వస్తుంది.

గది గాలి లెక్క తేలికే. గంటకు 6 గ్రాముల మైనం కాలితే సుమారు 10 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి గంటకు 15 నుంచి 20 లీటర్ల దాకా వదులుతాడు. అంటే ఒక కొవ్వొత్తి గదిలో అదనంగా సగం మనిషి. మూడు వత్తుల పెద్ద కొవ్వొత్తి వెలిగిస్తే ఒకటిన్నర మనుషులు. దీనికంటే పట్టించుకోవలసినవి అతి సూక్ష్మ కణాలు. 2013లో డెన్మార్క్‌లో 56 ఇళ్లలో కొలిచినప్పుడు, ఇంటి గాలిలోని ఆ కణాల్లో అన్నిటికంటే పెద్ద వాటా కొవ్వొత్తులదే అని తేలింది. కదలకుండా మండే మంట నుంచి కూడా ఇవి వస్తాయి, వత్తికి పట్టించిన లవణాలే అందుకు ఒక కారణం. అన్ని తలుపులూ మూసి రాత్రంతా వెలిగించే అలవాటును సోయా కాపాడదు, తేనెమైనం కాపాడదు. గాలి మంటకు నేరుగా తగలకుండా, దూరాన ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచితే చాలు. మంట ఆరిపోయాక కాసేపు పూర్తిగా తెరవాలి.

కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడవలసినవి ఇవి. వత్తి సరిగ్గా నడిమధ్యన ఉందా? పక్కకు ఒరిగితే గాజు ఒకవైపే కాలి పగులుతుంది. గ్లాసు వెడల్పు ఎంత? 8, 9 సెంటీమీటర్లు దాటితే ఒక్క వత్తి చాలదు, రెండో మూడో ఉండాలి. గ్లాసు మందంగా, నిటారుగా ఉందా? మెడ సన్నగా పొట్ట వెడల్పుగా ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి, మైనం కిందికి దిగేకొద్దీ మెడ దగ్గర వేడి కమ్ముకుంటుంది. పైన ఎండు పువ్వులు, దాల్చిన చెక్క ముక్కలు, మెరుపు పొడి చల్లినవి కొనవద్దని గట్టిగా చెబుతాను. మైనం కరగగానే ఆ పువ్వు రేకో, చెక్క ముక్కో వత్తి దగ్గరికి తేలి, రెండో వత్తిలా అంటుకుంటుంది. అడుగున జాగ్రత్తల చీటీ ఉందా, ఏఎస్‌టీఎం ఎఫ్2417 గానీ ఈఎన్ 15493 గానీ రాసి ఉందా చూడండి. రెండూ కొవ్వొత్తుల అగ్ని భద్రతకు పెట్టిన ప్రమాణాలు, మొదటిది అమెరికాది, రెండోది యూరప్‌ది. మూత తీసి వాసన చూడటం తప్పు కాదు, కానీ చల్లగా ఉన్నప్పుడు గుప్పుమనేది వెలిగించాక అంతే గుప్పుమంటుందన్న హామీ లేదు.

ఇంటికి తెచ్చాక మొదటిసారి వెలిగించడం ముఖ్యం. కరిగిన మైనం గ్లాసు అంచుల దాకా చేరేవరకు ఆర్పకూడదు. వెడల్పులో ప్రతి రెండున్నర సెంటీమీటర్లకు ఒక గంట అని లెక్క, ఏడున్నర సెంటీమీటర్ల గ్లాసుకు మూడు గంటలు. అరగంటకే ఆర్పేస్తే నడుమ గొయ్యి పడుతుంది, తర్వాత ప్రతిసారీ మంట అదే గొయ్యిలోకి దిగుతుంది. అప్పటికే దిగిపోయిన కొవ్వొత్తికి అల్యూమినియం రేకును టోపీలా అంచుల మీద కప్పి, నడుమ మంట ఊపిరాడేంత రంధ్రం వదిలి, పక్కనే కూర్చుని పావుగంట చూడండి. గోడలకు అంటిన మైనం కరిగి సమం అవుతుంది. రేకు వేడెక్కి ఉంటుంది, బట్టతో తీయండి.

ప్రతిసారీ వెలిగించే ముందు వత్తిని 5, 6 మిల్లీమీటర్లకు కత్తిరించాలి. ఈ ఒక్క పని మసిని తగ్గించినంతగా మైనం మార్చడం తగ్గించదు. కత్తిరించిన ముక్క మైనంలో పడితే తీసేయండి. నాలుగు గంటలకు మించి ఏకబిగిన వెలిగించవద్దు, అప్పటికి మడుగు లోతెక్కి, వత్తి నిలబడలేక ఒరిగిపోతుంది. రెండు కొవ్వొత్తుల మధ్య 10 సెంటీమీటర్లు ఉండాలి, దగ్గరగా ఉంటే ఒకదాని వేడికి రెండోదాని మంట ఒరిగి, పక్క మైనాన్ని కరిగిస్తుంది. కర్టెన్లు, పుస్తకాలు, కాగితాలు 30 సెంటీమీటర్ల దూరాన ఉండాలి, అల్మరా కింద పెట్టకండి, మంట పైకి పంపే వేడి పక్కకు పంపేదానికంటే చాలా ఎక్కువ. ఒక వత్తి వదిలే వేడి 70, 80 వాట్ల దాకా ఉంటుంది. అడుగున సెంటీమీటరు మైనం మిగలగానే ఆపేయండి. ఆ పలచని పొర వేడిని మోయలేక నేరుగా గాజు మీదికి వదులుతుంది. గ్లాసులు పగిలిన సంఘటనల్లో చాలా వరకు చివరి గంటలోనివే ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఊది ఆర్పితే కాలని ఆవిరంతా పొగగా గదిలోకి వస్తుంది, వేడి మైనం చింది చేతి మీద పడుతుంది. వత్తిని లోహపు కొక్కెంతో కరిగిన మైనంలోకి వంచి ముంచి, వెంటనే పైకి నిలబెట్టండి. పొగ రాదు, పైగా వత్తికి మైనం పట్టి మర్నాడు తేలిగ్గా అంటుకుంటుంది. మూతతో ఆర్పినా మంచిదే. ఒకవేళ వత్తితో ఆగకుండా మడుగు మొత్తం అంటుకుంటే, గాజు లోపలంతా మంటే కనబడితే, నీళ్లు మాత్రం పోయవద్దు. మండుతున్న మైనం 200 డిగ్రీలు దాటి ఉంటుంది, నీటిబొట్టు క్షణంలో ఆవిరై మైనాన్ని నిప్పుతో సహా చిమ్ముతుంది. లోహపు మూత గానీ, పళ్లెం గానీ మెల్లగా జరిపి గాలి అందకుండా చేయండి, పూర్తిగా చల్లారేదాకా గ్లాసును కదపకండి.

మంట వద్దు, సువాసన చాలు అనుకునేవారి కోసం పైనుంచి బల్బు వేడితో మైనం కరిగించే దీపాలు వచ్చాయి. మసి సమస్య, నిప్పు సమస్య దాదాపు పోతాయి, వత్తి కొలత గొడవే ఉండదు. కానీ సువాసన నూనె గదిలోకి వచ్చేది అలాగే వస్తుంది. మంటలో కాలేది లేకపోవడంతో ఆవిరయ్యే వాటా ఇంకాస్త ఎక్కువ కావచ్చు, అందుకే పిల్లి ఉన్న ఇంటికీ ఉబ్బసం ఉన్న మనిషికీ పైన చెప్పిన జాగ్రత్త ఇక్కడా వర్తిస్తుంది. మైనం తరగదు కాబట్టి కొన్ని రోజులకు వాసన లేని మైనం నిండుగా మిగిలి, కొవ్వొత్తి చెడిపోయిందనిపిస్తుంది. చెడిపోలేదు, పైపొరలోని నూనె అయిపోయింది. కరిగి ఉండగా పై పొరను పాత డబ్బాలోకి వంపేసి, కింద తాజా మైనం తేలేలా చేయండి.